పాత భవనాలు అప్పుడేం, ఇప్పుడేం? కర్నూలు పిల్లోళ్లకి ఏం చూపియ్యాల?

బడిపంతులు_కర్నూలు:

అందరికీ నమస్కారం. నేను కర్నూలు టౌన్లో ఒక గవర్నమెంట్ హైస్కూల్లో సోషల్ చెప్తా. ప్రతి ఏడూ పిల్లోళ్లని బస్సెక్కించి బెలుం గుహలు, యాగంటి, మహానంది అని ఒక రౌండ్ కొట్టిస్తాం, వాళ్లు బస్సులో పాటలు పాడుకుంటా చిప్స్ తింటా పోయొస్తారు, అంతే, మళ్లా సోమవారం అడిగితే ఒక్కడికీ ఏమీ గుర్తుండదు. ఈసారి వేరేగా చేద్దామని ఉంది. ఒక రోజు కర్నూల్లోనే నడిపిచ్చి, ఇంకో రోజు కడప గానీ అనంతపురం గానీ పోయి, ఒక పని కోసం కట్టి తర్వాత ఇంకో పనికి మారిపోయిన భవనాలు మాత్రమే చూపియ్యాలని ప్లాన్. గుళ్లు లిస్టులో వద్దు, అవి ఇంట్లోవాళ్లతో ఎట్లాగూ చూస్తారు.

నా డౌట్లు ఇవి. కొండారెడ్డి బురుజు ఎట్లాగూ చూపియ్యాల, కానీ మా పిల్లోళ్లు రోజూ సాయంత్రం దాని చుట్టూనే తిరుగుతుంటారు, వాళ్లకి దాని గురించి కొత్తగా చెప్పేదేముంది? ఇంకోటి, 1953 నుంచి 56 దాకా మన ఊరు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అని పాఠంలో ఒక లైను వస్తది, ఆ లైన్ని రోడ్డు మీద యాడ చూపియ్యాల? కడప మేలా అనంతపురం మేలా అనేది కూడా చెప్పండి. మా హెడ్మాస్టర్ సారేమో "కూలిపోయే గోడలు చూపిస్తే ఏమొస్తాదయ్యా" అంటాండాడు, ఆయనకి చెప్పేందుకు కూడా ఏమన్నా పాయింట్ ఉంటే ఇవ్వండి.

సి_క్యాంప్_రిటైర్డ్:

పంతులుగారూ, మంచి పని పెట్టుకున్నారు. బురుజు నుంచే మొదలుపెడదాం. మన పిల్లలే కాదు పెద్దోళ్లు కూడా చాలామంది బురుజు అంటే చార్మినార్ మాదిరి ఒంటిగా కట్టిన కట్టడం అనుకుంటారు. అది కర్నూలు కోటకి ఒక మూల మాత్రమే సార్. విజయనగరం వాళ్లు, అచ్యుతదేవరాయల కాలంలో, అంటే 1529కీ 1542కీ మధ్య అనుకోండి, ఆ కాలం కోట. తర్వాత బీజాపూర్ వాళ్లు, మొగలులు, నవాబులు, అందరూ అందులోనే కూర్చున్నారు. 1839లో ఆయుధాలు పోగేస్తున్నాడని ఈస్టిండియా కంపెనీ వాళ్లు నవాబు గులాం రసూల్ ఖాన్ని పట్టుకుపోయినారు, రాజ్యం లాగేసుకున్నారు, 1858లో కర్నూలు జిల్లా చేసినారు, 1862లో కోటనే పడగొట్టించినారు. అంటే మనం చూసే బురుజు పడగొట్టంగా మిగిలిన ముక్క. ఈ ఒక్క మాట చెప్పి "మరి మిగతా గోడ యాడికి పోయింది?" అని అడగండి, వాళ్లే ఎతుకుతారు. అక్కణ్ణుంచి ఎర్రబురుజు దాకా నడిపించండి, దాని కిందే ఎల్లమ్మ గుడులు ఉన్నాయి (గుళ్లు వద్దన్నారు గానీ ఇది తప్పదు). ఒక బురుజు ఫోటోలు దిగే చోటయింది, ఒక బురుజు కింద అమ్మవారు కూర్చుంది, మధ్యలో గోడ ఉన్నచోట ఇప్పుడు సందులు, అంగళ్లు, పార్క్ చేసిన బండ్లు. ఆ రెండింటి మధ్య నడిస్తే కోట ఎంత పెద్దదో కాళ్లకి తెలుస్తది.

ఆ పేరు కథ కూడా మీ లిస్టుకే పనికొస్తది. కాపలా కోసం కట్టిన బురుజులో అలంపురం ఏలిన కొండారెడ్డిని నవాబులు బంధించినారంటారు, అట్ల కావలి బురుజు జైలయింది, జైల్లో ఉన్నాయన పేరే దానికి నిలిచిపోయింది, బంధించినోడి పేరు అడిగితే ఎవరూ చెప్పలేరు. సొరంగం గురించి పిల్లలు ఖచ్చితంగా అడుగుతారు, తుంగభద్ర కిందనుంచి అలంపురం దాకా ఉందంట కదా సార్ అని. మీరు లేదు అనొద్దు, ఒక మ్యాప్ చేతికిచ్చి నది యాడుందో వాళ్లనే వేలు పెట్టి చూపమనండి.

ఇంక రాజధాని. 1937 నవంబర్ 16న మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి ఇల్లు శ్రీబాగ్‌లో కోస్తా, సీమ నాయకులు ఒప్పందం రాసుకున్నారు కదా, రాజధానో హైకోర్టో ఒకటి సీమకి రావాలని. (చూడండి, అది కూడా ఒక ఇల్లే, ఒక రాష్ట్రం లెక్క తేలిన ఇల్లు.) దాని ప్రకారం 1953 అక్టోబర్ 1న నెహ్రూ గారు కర్నూలుకొచ్చి ఆంధ్ర రాష్ట్రాన్ని ప్రారంభించినారు, ప్రకాశం పంతులు గారు ముఖ్యమంత్రి, మరుసటి ఏడు హైకోర్టు గుంటూరుకి పోయింది. అప్పటికి కర్నూలు ఎంత ఊరు సార్, మద్రాసు నుంచి ఆఫీసులకి ఆఫీసులు దిగితే కూర్చోబెట్టేదానికి గదులు యాడియి? డేరాలు వేసినారు. డేరాల రాజధాని అని అప్పటోళ్లు ఎగతాళి చేసేవాళ్లు. ఉద్యోగులకి క్వార్టర్లు కట్టి ఎ క్యాంపు, బి క్యాంపు, సి క్యాంపు అన్నారు. 1956 నవంబర్ 1న రాజధాని హైదరాబాద్ పోయింది, ఫైళ్లు పోయినాయి, మనుషులు పోయినారు, క్యాంపులు మాత్రం ఈడనే ఉండిపోయినాయి. ట్రాన్స్‌ఫర్ మీద కొత్తగా వచ్చినోళ్లు ఇప్పటికీ అడుగుతారు, ఈ ఊర్లో మిలటరీ ఉండేదా అని.

కాబట్టి రాజధాని చూపియ్యాలంటే ఒక భవనం ముందు నిలబెట్టాల్సిన పనిలేదు, సి క్యాంపులోకి తీసుకురాండి. రైతు బజార్ ఉంది, నాటకాలు ఆడే టీజీవీ కళాక్షేత్రం ఉంది, మధ్యలో ఇంకా గవర్నమెంట్ క్వార్టర్లు ఉన్నాయి. సెక్రటేరియట్ గుమాస్తాల కోసం గీసిన రోడ్ల మీద ఇప్పుడు టమోటా బేరాలు జరుగుతాండాయి. కొన్ని క్వార్టర్లు మరీ పాడుబడినాయి, లోపలికి మాత్రం పిల్లల్ని పోనీయొద్దు.

యర్రముక్కపల్లె_అబ్బి:

కడపకే రాండి సార్, వేరే మాటే లేదు. మీరు అడిగిన లెక్కకి కడపలో ఉన్నంత పక్కా భవనం ఇంకోటి లేదు, అది బ్రౌన్ దొర బంగళా. ఇప్పుడు దాన్ని సి.పి. బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం అంటారు, మేమింకా బ్రౌన్ లైబ్రరీ అనే అంటాం.

కథ ఏందంటే, 1820లో బ్రౌన్ దొర కడప కలెక్టర్ కింద పనిజేసేదానికి వచ్చినాడు, అప్పటికి ఇరవై రెండేండ్లు కూడా నిండలా. తెలుగు మద్రాసులో దిగినాక నేర్చుకున్నదే. ఇక్కడ యర్రముక్కపల్లెలో తోటతో సహా ఒక బంగళా కొనుక్కున్నాడు. దొర బంగళా అంటే గుర్రాలు, విందులు అనుకుంటాం కదా, ఈయప్ప అందులో పండితుల్ని జీతాలిచ్చి కూర్చోబెట్టినాడు. ఊరూరికీ మనుషుల్ని పంపి తాటాకు గ్రంథాలు తెప్పించడం, ఒకే కావ్యానికి దొరికినన్ని ప్రతులు పక్కపక్కన పెట్టించడం, ఒకరు చదువుతాంటే ఇంకొకరు తేడాలు రాసుకోవడం, ఏది సరైన పాఠమో తేల్చి మళ్లా శుద్ధంగా కాగితం మీద ఎత్తి రాయించడం, ఇదీ పని. అంతా సొంత డబ్బు, అప్పులు కూడా చేసినాడు. జనం దాన్ని బ్రౌన్ కాలేజీ అనే పిలిచేవాళ్లంట. 1829లో వేమన పద్యాలు అచ్చేసినాడు, 1852లో నిఘంటువు. ఆ రాతప్రతులన్నీ ఇప్పుడు చెన్నైలో ఓరియంటల్ లైబ్రరీలో ఉన్నాయి, కడపలో లేవు, అదొక కడుపుమంట మాకు.

బ్రౌన్ పోయినంక బంగళా చేతులు మారి మారి చివరికి మొండిగోడలు మిగిలినాయి. అప్పుడు జానమద్ది హనుమచ్ఛాస్త్రి గారు పట్టుబట్టినారు సార్, ఆ శిథిలాల మీదే లైబ్రరీ కట్టాలని. కనపడినోళ్లందర్నీ చందాలడిగినాడు, ఆఫీసుల చుట్టూ తిరిగినాడు, 1987లో శంకుస్థాపన, పూర్తయి తలుపులు తెరిచేసరికి తొంభైలు వచ్చేసినాయి. తర్వాత యోగి వేమన యూనివర్సిటీ కిందికి పోయింది. వేమన పద్యాల్ని అచ్చులోకి తెచ్చినాయన ఇల్లు వేమన పేరు పెట్టిన యూనివర్సిటీ చేతికొచ్చింది, ఇట్లాంటిది ఎవరన్నా ప్లాన్ చేస్తే కూడా కుదరదు. మెకంజీ కైఫీయత్తులు (మెకంజీ దొర రాయించి పెట్టిన ఊర్ల చరిత్రలు) పుస్తకాలుగా అచ్చేసింది కూడా ఈ కేంద్రమే, తాటాకులు కూడా ఉన్నాయి, పిల్లోళ్లకి ఒక్క తాటాకు దగ్గరగా చూపించమని అడగండి, గంటంతో, అంటే ఇనుప మొనతో, గీకిన అక్షరం మీద మసి రుద్దితేనే కనపడతాదని చెప్పినప్పుడు వాళ్ల మొహాలు చూడాల.

ఇల్లు, పండితుల కార్ఖానా, పాడుబడ్డ గోడలు, లైబ్రరీ, యూనివర్సిటీ. ఒకే స్థలం, ఐదు పనులు. ఇంకేం కావాల సార్ మీకు?

గానుగసున్నం:

ఇంజనీర్ని, రిటైర్ అయినా. హెడ్మాస్టర్ గారి "కూలిపోయే గోడలు" అనే మాటకి జవాబు నేనిస్తా, కొంచెం పొడుగవుతది, ఓపికుంటే చదవండి.

మన సీమలో బ్రిటిష్ కాలం ఆఫీసులు, బంగళాలు చాలావరకు మద్రాస్ టెర్రస్ పైకప్పులు. టేకు దూలాలు వేసి, వాటి మీద సన్న ఇటుకల్ని అంచు మీద నిలబెట్టి, సున్నంతో అతికిచ్చి, దాని మీద ఇటుక జల్లి సున్నం కలిపి దిమ్మిసా కొట్టి, పైన పెంకు బిళ్లలు పరుస్తారు. సున్నం అంటే ఇప్పుడు గోడకి కొట్టేది కాదు, ఎద్దుల్ని కట్టి గానుగలో ఇసకతో కలిపి నూరిన సున్నం, అందులో బెల్లం నీళ్లు, కరక్కాయ నీళ్లు పోసేవాళ్లు. ఊర్లలో మన మట్టి మిద్దెలు వేరే లెక్క, అవి దూలాలు, దంతెలు, పైన చౌడుమట్టి, వెల్తురుకి గవాచి. రెండిటికీ ఒకటే గుణం, లోపలికి పోయిన తేమ మళ్లీ బయటికి పోతది, గోడ ఊపిరి తీసుకుంటది.

ఇప్పుడు ఏం జరుగుతది? నేను చూసిందే, ఊరు పేరు ఎందుకులే, ఒక పాత తాలూకా ఆఫీసు. బయట సున్నం పెచ్చులు ఊడినాయని రిపేరు ఎస్టిమేట్ వేసి, మొత్తం గీకేసి సిమెంట్ ప్లాస్టరింగ్ చేసి, పైన మెరిసే పెయింట్ కొట్టినారు. ప్రారంభోత్సవానికి కొత్త బిల్డింగ్ లాగుంది. కింద నేలలో ఉండే చెమ్మ సిమెంట్ దాటి బయటికి రాలేక గోడలోనే పైకి పాకింది, ఉప్పు పువ్వు పూసింది, రెండు వానాకాలాలకే మొల ఎత్తు దాకా ప్లాస్టర్ పలకలు పలకలుగా ఊడింది, దాంతోపాటు లోపలి ఇటుక పొడి కూడా రాలింది. అప్పుడు రిపోర్టు ఏమని రాస్తారు? "భవనం శిథిలావస్థలో ఉంది, వాడకానికి పనికిరాదు." తాళం వేస్తారు. తాళం వేసినాక పైకప్పు మీద రావి మొలకలు పీకేవాడుండడు, ఆకులు పడి నీళ్లు పోయే తూము మూసుకుపోతది, నీళ్లు నిలబడి దూలం చివర, గోడలో దిగిన చోట, కుళ్లుతది. ఇంక పదేండ్లు చాలు.

అందుకే నేను ఎప్పుడూ చెప్పేది, పాత భవనాన్ని మ్యూజియం చెయ్యకపోయినా పర్లేదు, స్టోర్ రూమ్ అన్నా చెయ్యండి గానీ తాళం మాత్రం వెయ్యొద్దు. రోజూ ఒక మనిషి తలుపు తీసి కసువు ఊడిస్తే చాలు, అది ఇంకో యాభై ఏండ్లు నిలబడతది. మీ హెడ్మాస్టర్ గారికి చెప్పండి, గోడలు వాటంతట అవి కూలట్లేదు, పని లేకుండా చేసి మనం కూల్చుకుంటున్నాం.

కె.సి. కెనాల్ (కర్నూలు-కడప కాలవ) పొడుగునా ఉండే పాత బంగళాలు కూడా చూడొచ్చు. ఆ కాలవని 1860ల్లో ఒక ప్రైవేటు కంపెనీ తవ్వింది, పడవలు నడిపి డబ్బులు చేసుకుందామని కూడా వాళ్లకి ఆశ ఉండేది, గిట్టుబాటు కాక 1882లో గవర్నమెంటుకి అమ్మేసినారు. పడవల కాలవ పూర్తిగా సాగునీళ్ల కాలవైపోయింది. భవనం కాదు గానీ మీ రూలుకి సరిపోతది.

టవర్‌క్లాక్_అనంత:

కడప అన్న చెప్పింది బాగానే ఉండాది గానీ పంతులుగారూ ఒకసారి కిలోమీటర్లు చూసుకోండి. కర్నూలు నుంచి అనంతపురం నూటయాభై దగ్గర, హైవే మీద మూడు గంటల్లోపల దిగుతారు. కడప రెండొందలు దాటతాది, నంద్యాల, ఆళ్లగడ్డ, మైదుకూరు అని పోవాల. పిల్లోళ్లతో ఒక్క రోజులో పోయొచ్చేది అంటే అనంతపురమే ప్పా.

పైగా దోవలో గుత్తి తగుల్తాది. కోట ఎక్కే టైం ఉండదు, ఎక్కితే ఆ కోటని ఏలిన మరాఠా సర్దారు మురారిరావు కూర్చునే చోటు చూడొచ్చు, సగం ఊరు కింద పరిచినట్టు కనపడతాది, కానీ ఎండలో ఎనిమిదో క్లాసు పిల్లోళ్లతో వద్దు. ఊర్లో మన్రో సత్రం గురించి చెప్పండి. థామస్ మన్రో, 1800లో నిజాం మన జిల్లాల్ని కంపెనీకి రాసిచ్చినాక ఇక్కడ మొదటి ప్రిన్సిపల్ కలెక్టర్. రైతు దగ్గరే నేరుగా శిస్తు తీసుకునే రైతువారీ పద్ధతి పెట్టిందాయనే కదా, మీ పాఠంలో ఉంటాది. తర్వాత మద్రాసు గవర్నర్ అయినాడు, 1827 జూలై 6న పత్తికొండలో కలరా వచ్చి చచ్చిపోయినాడు, మొదట గుత్తిలోనే పూడ్చినారు, తర్వాత ఎముకలు మద్రాసు కోటలో చర్చికి తీసుకపోయినారు. ఆయన గుర్తుగా సర్కారు చేసిందేంటంటే, గుత్తిలో దోవన పోయేవాళ్లకి సత్రం, పత్తికొండలో బావి, చెట్ల తోపు. విగ్రహం మద్రాసులో ఉండాది, మన దగ్గర మాత్రం నీళ్లు, నీడ. నాకు ఆ లెక్క నచ్చుతాది, ఎవరేమన్నా అనుకోండి.

ఇంక అనంతపురంలో ఆర్ట్స్ కాలేజీ. 1916లో సీడెడ్ డిస్ట్రిక్ట్స్ కాలేజీ అని మొదలైంది, అంటే దత్తమండల కాలేజీ, నిజాం రాసిచ్చిన మన జిల్లాలకి అప్పుడు అదే పేరు. సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు ఆ మొదట్లోనే ఇక్కడ పాఠం చెప్పినారు, నీలం సంజీవరెడ్డి గారు ఇక్కడ చదివినారు, అంటే ఇద్దరు రాష్ట్రపతులు ఆ వరండాల్లో తిరిగినారు. అక్కడే తెలుగు చెప్పిన చిలుకూరి నారాయణరావు గారు 1928 నవంబర్లో నంద్యాల సభలో దత్తమండలం అనే పేరు తీసేసి రాయలసీమ అందాం అన్నారు. ఆ ఆంధ్ర మహాసభకి అధ్యక్షుడు మళ్లా ఈ రాధాకృష్ణన్ గారే. మీ రూలు ప్రకారం ఈ కాలేజీ పని మారలా, ఇప్పటికీ కాలేజీనే, కాబట్టి లిస్టులో పనికిరాదు అంటారేమో, అట్లంటే మాత్రం మీ రూలే మార్చుకోండి సార్. నూరేండ్లు దాటినా ఒకే పని చేస్తాండే బిల్డింగ్ కూడా పిల్లోళ్లు చూడాల కదా.

సాయంత్రం టైం ఉంటే లలిత కళా పరిషత్ హాల్ కూడా. నాటకాల కోసం పెట్టుకున్న సంస్థ, ఇప్పుడు నాటకాలతోపాటు పుస్తకాల ఆవిష్కరణలు, సంఘాల మీటింగులు, డాన్స్ ప్రోగ్రాములు, అన్నీ అక్కడే.

మ్యాట్నీ_షో:

అందరూ దొరలు, నవాబులు, రాష్ట్రపతుల దగ్గరే ఆగిపోయినారు. సినిమా హాళ్లు భవనాలు కావా అన్నా? మన మూడు జిల్లాల్లో ఎక్కువగా పని మారిన బిల్డింగులు ఏవంటే సింగిల్ స్క్రీన్ థియేటర్లే. సగం ఫంక్షన్ హాళ్లయినాయి, కొన్ని షాపింగ్ కాంప్లెక్సులు, కొన్ని గోడౌన్లు. థియేటర్‌ని కల్యాణ మండపం చేసినచోట ఒకసారి జాగ్రత్తగా చూడండి, నేల స్క్రీన్ వైపు వాలుగా ఉండేది కదా, దాన్ని మట్టి పోసి లెవెల్ చేసుంటారు, అందుకే స్టేజీ దగ్గర పక్క తలుపులు పొట్టిగా కనపడతాయి, పెద్దోళ్లు వంగి పోవాల. బాల్కనీలో భోజనాలు. వెనక గోడకి పైన రెండు మూడు చిన్న చదరపు రంధ్రాలు ఉంటాయి, ప్రొజెక్టర్ కిరణం వచ్చేవి అవే. మొన్న ఒక పెండ్లిలో అందులోంచి డ్రోన్ కెమెరా పిల్లోడు తొంగి చూస్తాండాడు.

దానికి ముందు కాలం కావాలంటే సురభి నాటకాల వాళ్లు. కడప జిల్లా సురభి గ్రామంలో 1885లో కీచకవధ నాటకంతో ఆ సమాజం మొదలైంది, వనారస గోవిందరావు గారి కుటుంబం. వాళ్లు హాల్ కోసం ఎవర్నీ అడగలా, హాల్‌నే బండ్లకెత్తుకొని ఊరూరా తిరిగినారు. రేకులు, గుంజలు, తెరలు, ఆడోళ్లు, పసిపిల్లోళ్లు అంతా కలిసి. ఊరి బయట ఖాళీ జాగా కొన్నాళ్లు నాటకశాల అయ్యేది, మళ్లా శెనక్కాయ చేను అయ్యేది. డేరా సినిమాలు కూడా తర్వాత అదే దోవలో వచ్చినాయి. డేరాల్లో రాజధాని నడిచిందని కర్నూలోళ్లు అంత బాధపడతారు గానీ సురభి వాళ్లు తరాలకి తరాలు డేరాల్లోనే నడిపినారు కదా.

బడిపంతులు_కర్నూలు:

అబ్బా, ఇంత వస్తాదని అనుకోలేదు, అందరికీ థ్యాంక్స్. నేను ఇట్ల అనుకుంటున్నా: మొదటి రోజు బురుజు నుంచి ఎర్రబురుజు దాకా నడక, మధ్యాహ్నం సి క్యాంపు. రెండో రోజు గుత్తి మీదుగా అనంతపురం. కడప దూరం కాబట్టి అది తొమ్మిదో క్లాసుకి విడిగా, జనవరిలో ఎండ తగ్గినాక. ఫంక్షన్ హాల్ ఐడియా మా పిల్లోళ్లకి అన్నిటికన్నా నచ్చేటట్టుంది, ఇక్కడ ఒకటి ఓనరు తెలిసినాయనే, ఖాళీ రోజు అడుగుతా. గానుగసున్నం గారూ, ఒక డౌట్, ఒక గోడ సున్నంతో కట్టిందా సిమెంట్‌తో రిపేరు చేసిందా అనేది పిల్లోళ్లు చూసి చెప్పేటట్టు ఏమన్నా గుర్తుందా?

గానుగసున్నం:

ఉంది. పెచ్చు ఊడిన చోట చూడండి. సున్నమైతే తెల్లగా, కొంచెం పసుపుగా ఉంటది, మధ్యలో చిన్న చిన్న తెల్లటి గడ్డలు కనపడతాయి, వేళ్లతో నలిపితే పొడవుతది. సిమెంట్ అయితే బూడిద రంగు, గట్టి పలకలాగ ఊడుతది, వెనక తట్టు ఇటుక పొడి అతుక్కోని వస్తది. ఇంకోటి, చెమ్మ గీత నేల నుంచి ఎంత ఎత్తుకి పాకిందో టేపు పెట్టి కొలవమనండి, సిమెంట్ పూసిన గోడకి, పూయని గోడకి తేడా వాళ్లే రాసుకుంటారు, అదే ప్రాజెక్ట్ వర్క్ అయిపోతది. కింద రాలిన పెచ్చు ఉంటే అదే తీసి చూపియ్యండి, గోడని మాత్రం గోకనియ్యొద్దు, బురుజు ఆర్కియాలజీ వాళ్ల చేతిలో ఉంది, పేర్లు గీకినా కేసే.

యర్రముక్కపల్లె_అబ్బి:

కడపని జనవరికి తోసేసినారు, సరే కానీండి. వచ్చే ముందు స్కూలు లెటర్‌హెడ్ మీద ఒక లెటర్ పంపండి సార్, ఎంతమంది పిల్లలో రాసి, ఆదివారం మాత్రం పెట్టుకోవద్దు. తాటాకులు చూపియ్యాలంటే ముందే అడగాల, అప్పటికప్పుడు బీరువా తీయరు. మధ్యాహ్నం భోజనం సంగతి మాకొదిలెయ్యండి, రాగిసంగటి తినే పిల్లోళ్లయితే చెప్పండి, చేయిస్తాం.